ఆపొద్దన్న మిషన్

“మనుషులకు లేని గాలి ఆ ఇనప డబ్బాకెందుకో నాకు తెలీదు,” అంది కృష్ణాబాయి. ఈ మాట ఆమె పొద్దున కాఫీల దగ్గర అంది, పూజ అయ్యాక అంది, ఇప్పుడు నిచ్చెన కనిపించగానే మళ్ళీ అంది.

నిచ్చెన నడవలో సగం దాకా వచ్చి ఆగిపోయింది. దాని ఒక కొస పెద్దకొడుకు వెంకోబారావు భుజం మీద ఉంది. ముందు గదిలో ఉన్న ఫ్యాను విప్పి హాల్లో బిగించాలని తల్లి అంటోంది. ఆదివారం దాకా దాన్ని ముట్టుకోవద్దని చిన్నకోడలు తులసీబాయి అంటోంది. బడికి వేళ మించిపోతున్నా ఎవరి మాట తీసెయ్యాలో తేలక ఆయన నిచ్చెన మోస్తూ నిలబడ్డాడు.

“ఆదివారం యేసేపు వస్తానని కబురు పంపినాడత్తా. కంప్యూటర్ మిషన్ విప్పి చూస్తాడు. గదిలో గాలి లేకుంటే అది వేడెక్కుతాది. అంతవరకు ఉండనీండి.”

“నడిచే మిషన్ అయితే వేడెక్కుతాది. పండుకున్నదానికి వేడేంది?”

“నడిపిస్తామనే గదా అతన్ని పిలిపిచ్చింది.”

“నడుస్తాండేదాన్ని ఆపినప్పుడు ఉండల్ల ఆ ఆలోచన.”

మిషన్ గురించి ఎక్కడ మొదలైనా మాట అక్కడికే వచ్చి ఆగుతుంది.

పడక్కుర్చీలో భీమసేనరావు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమంటాంది?” అన్నాడు. పంతులుగా రిటైరయినప్పటి నుంచి ఆయనకు వినికిడి తగ్గుతూ వస్తోంది.

“ఫ్యాను సంగతి నాయనా,” అన్నాడు వెంకోబారావు.

“యాడ ఫ్యాను?”

“మీ నెత్తి మీద లేని ఫ్యాను,” అని కృష్ణాబాయి గట్టిగా చెప్పింది.

వంటింట్లోంచి పెద్దకోడలు శాంతాబాయి, “ఆ నిచ్చెన పోయే దావలో నా బియ్యం చేట ఉంది. చూసుకోని కొట్లాడండి,” అంది.

వెంకోబారావు నిచ్చెన దించి గోడకు ఆనించాడు. తండ్రి తర్వాత ఆ ఇంట్లో తీర్పులు చెప్పేది ఆయనే. ఆ పని ఆయనకు ఇష్టం లేదు, అయినా చెప్పక తప్పదు.

“ఆదివారం దాకా చూస్తాం. ఆ పొద్దు మిషన్ లేచి, వాదిరాజు చేసిన పనంతా దాంట్లో కనపడిందంటే ఆ గదీ ఫ్యానూ తులసివే. పత్తి సావుకార్ల పని తనే చేసుకుంటాది. ఎవురూ ఏమీ అనేది లేదు. కనపడలేదంటే మిషన్‌ను బళ్ళారి సేటుకు ఇచ్చేస్తాం. ఇంగ తులసి వాళ్ళన్న దగ్గరికి పోయేది మేలు. ఆయన కబురు మీద కబురు పంపుతాండాడు.”

తులసీబాయి అన్న మంత్రాలయంలో యాత్రికులకు భోజనాలు పెడతాడు. వదినకు వంటలో ఇంకో మనిషి కావాలి. ఆ పిలుపులో ప్రేమ లేదని తులసీబాయి ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ పిలుపు వెనక పొయ్యి ఎప్పుడూ మండుతూనే కనిపించేది ఆమెకు.

“సరే బావా,” అని ఆమె ముందు గదిలోకి వెళ్ళి, ఫ్యాను స్విచ్చి వేసి, మిషన్ మీద కప్పిన చీరముక్క తీసి దులిపింది.

తులసీబాయి భర్త వాదిరాజు ఆ కంప్యూటర్‌ను హైదరాబాదులో ఒక ఆఫీసువాళ్ళు తీసేస్తే కొన్నాడు. ఎనభై ఏడులో దాన్ని లారీలో వేసుకుని ఆదోనికి వచ్చిన రోజు వీధి వీధంతా చూడటానికి వచ్చింది. టీవీ అనుకుని సాయంత్రం సినిమాకు ముందే జాగా పట్టుకుని కూర్చున్న వాళ్ళూ ఉన్నారు. పచ్చటి అక్షరాలు తప్ప ఇంకేమీ రాకపోయేసరికి, “ఇంత దూరం మోసకొచ్చింది ఇందుకా సామీ?” అని లేచిపోయారు.

పత్తి యార్డుకు రైతులు బోరాల్లో సరుకు తెస్తారు. తూకం, ధర, కూలి, కమీషన్ అన్నీ వేసి మండీ గుమాస్తాలు చీటీలు రాసి ఇచ్చేసరికి చీకటి పడుతుంది. రైతులు అంతసేపూ మెట్ల మీద కూర్చోవలసిందే. ఆ చీటీని మిషన్ చేత కొట్టించాలని వాదిరాజు ఒక ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. ఇద్దరు సావుకార్లు వచ్చి చూసి, అది తయారయితే తమ చీటీలన్నీ ఇక్కడే కొట్టించుకుంటామన్నారు. తులసీబాయి పెళ్ళికి ముందు టైపు పాసయింది. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అతను చెప్పిన అంకెలు కొట్టి, తప్పులు చెప్పేది. ఆ ఇంట్లో ఆమెకు అత్తగారి పిలుపు వినపడనట్టు కూర్చోగలిగిన చోటు అదొక్కటే.

మొదట్లో అతను రోజూ సాయంత్రం మిషన్ ఆపేవాడు. దసరా తర్వాత ఆపడం మానేశాడు. కరెంటు పోయినా ఆగకుండా ఉండాలని రెండు లారీ బ్యాటరీలు తెచ్చి బల్ల కింద పెట్టాడు. పగలూ రాత్రీ అది సన్నగా మూలుగుతూనే ఉండేది. “దీన్ని ఎవురూ ఆపొద్దు,” అని ఇంట్లో అందరికీ చెప్పాడు. ఎందుకని తులసీబాయి అడిగితే, “ఊరికే, ఇప్పుడు పని జోరు మీదుంది,” అన్నాడు.

కృష్ణాబాయికి మాత్రం కారణం తెలుసు. దసరా నవమి నాడు ఆమె ఆ మిషన్‌కు పూజ చేసింది. “నా చేత్తో కుంకుమ పెట్టినాక అది ఒక్క పూట ఆగలేదు చూడండి. అంతా మంత్రాలయం రాయర దయ,” అని పేరంటానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

మార్గశిరంలో వాదిరాజు కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు పోయించారు, పథ్యం పెట్టారు, అయినా తగ్గలేదు. కర్నూలుకు తీసుకుపోయేసరికి ఆలస్యమయింది. అతన్ని తిరిగి తెచ్చి ముందు గదిలోనే పడుకోబెట్టారు. ఏడుపుల మధ్య అందరూ ఒక్కసారి నిశ్శబ్దమయినప్పుడల్లా ఆ మూలుగు వినిపించేది. “ఆ చప్పుడు ఆపండమ్మా ఎవరన్నా,” అని చుట్టాల్లో ఎవరో అన్నారు. ఏ స్విచ్చి దేనిదో తెలిసిన మనిషి ఆ ఇంట్లో తులసీబాయి ఒక్కతే. లేచి వెళ్ళి ఆపింది. బ్యాటరీ తీగ కూడా పీకింది. ఆపొద్దని అతను చెప్పిన మాట ఆమెకు గుర్తు రాకపోలేదు. మనిషే లేనప్పుడు ఇంక ఆ మాటేమిటి అనుకుంది.

కర్మలన్నీ అయిపోయాక ఆమె మళ్ళీ స్విచ్చి వేసింది. ఫ్లాపీ గరగరమంది. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది: ఆపాలా, మళ్ళీ చూడాలా, వదిలేయాలా? మళ్ళీ చూడమంది. మళ్ళీ గరగర, మళ్ళీ అదే ప్రశ్న. వదిలేయమంటే ఇంకేదో వెతికి, అది లేదని చెప్పి బిగుసుకుపోయింది. అప్పటి నుంచీ ఇంట్లో మాట స్థిరపడింది. కృష్ణాబాయి పెట్టిన కుంకుమతో నడిచిన మిషన్ తులసి చెయ్యి పడి ఆగింది.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే యేసేపు ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. అక్కడొక నూలు మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. వాదిరాజుకు హైదరాబాదులో తోడుగా చదువుకున్నవాడు. చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. చెప్పులు మెట్ల కింద విడిచి అరుగు మీదే ఆగిపోయాడు.

“లోపలికి రాప్పా. ఇది మడి గది కాదులే,” అంది కృష్ణాబాయి. “చేతులు కడుక్కోని ముట్టుకో. నా కొడుకు వస్తువు.”

“అట్లే అవ్వా.”

గదిలోకి వచ్చి గోడ మీద వాదిరాజు ఫోటో ముందు ఆగాడు. అట్టపెట్టెను కిందపెట్టి, “నేను మద్రాసులో ఉంటినక్కా. మిల్లు పని మీద పంపినారు. వచ్చినాకనే తెలిసింది,” అన్నాడు. “ఈ పెట్టె అన్న తెప్పియ్యమన్నదే. ఫ్లాపీలు చదివే కొత్త డ్రైవు. ఇన్నాళ్ళకు వచ్చింది.”

“డ్రైవు తెప్పియ్యమన్నాడా? ఎప్పుడు?”

యేసేపు ఆమె ముఖంలోకి చూసి, తెలియదని గ్రహించినట్టు తల దించుకున్నాడు. “ముందు చూద్దాం పట్టక్కా,” అని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

కృష్ణాబాయి కాసేపు గడప మీద నిలబడి చూసింది. “ఇన్ని పేగులున్నాయా దీనికి!” అని ఆశ్చర్యపోయి, వంటింటి పనికి వెళ్ళిపోయింది. తులసీబాయి స్టూలు మీద కూర్చుంది. పాత డ్రైవు బయటికి తీసి, దాని రేకు ఎత్తి, యేసేపు వెలుగుకు పట్టి చూశాడు. జేబులోంచి సన్నటి పట్టకారు తీసి దాని లోపలికి పోనిచ్చాడు. బయటికి వచ్చిన దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

విరిగిన బియ్యపు గింజ. పసుపు పట్టి ఉంది.

“అక్షింత,” అంది తులసీబాయి.

“అవునక్కా. చదివే తల దీనికి రాసుకోని గీసకపోయింది. చుట్టూరా పసుపూ కుంకుమా. ఫ్లాపీలు యాడుండాయి?”

రెండు ఫ్లాపీలూ సొరుగులో ఉన్నాయి. అసలుదొకటి, దాని నకలొకటి. యేసేపు ఒకదాన్ని కాగితపు తొడుగులోంచి తీసి చూపించాడు. నల్లటి ముఖానికి నడుమ కోలగా ఒక కిటికీ ఉంటుంది. లోపల తిరిగే పొర అక్కడ కనిపిస్తుంది. ఎవరో దాన్ని జాగ్రత్తగా తుడిచారు, అయినా అంచుల్లో ఎర్రగా మరక మిగిలిపోయింది. రెండో దానికీ అంతే.

తులసీబాయికి ఆ నవమి గుర్తొచ్చింది. రోలు, కత్తిపీట, కుట్టుమిషన్, మామగారి పెన్ను, అన్నీ దేవుడి ముందు వరసగా పెట్టారు. అంత పెద్ద కంప్యూటర్‌ను మోసుకురావడం కుదరదని కృష్ణాబాయి దిగులు పడింది. తర్వాత ఆమెకే ఉపాయం తోచింది. “వాడే చెప్పినాడు గదా, ఇది లేకుంటే అది ఉత్త డబ్బా, ప్రాణమంతా దీంట్లోనే ఉందమ్మా అని. ప్రాణానికే చేస్తే పోలే పూజ,” అని ఫ్లాపీలు రెండూ తెచ్చి, తొడుగులు తీసి, పళ్ళెంలో పెట్టింది. నల్లటి ముఖం మీద మెరుస్తున్న చోటే దాని నుదురనుకుంది. అక్కడే గంధం పూసి, కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి, మళ్ళీ తొడుగుల్లోకి భద్రంగా తోసింది. వాదిరాజు అప్పుడు ఇంట్లో లేడు.

మర్నాడు దశమి పొద్దున మంచి ఘడియ చూసి అతను ఫ్లాపీ దూర్చి స్విచ్చి వేశాడు. లోపల ఏదో గీసుకున్న చప్పుడు. అతను చటుక్కున ఫ్లాపీ లాగి చూశాడు. తల్లి వెనకే నిలబడి, “లేచిందా నాయనా?” అంది. అతను వెనక్కి తిరగకుండా, “లేచిందమ్మా,” అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా గది తలుపు వేసుకున్నాడు. పని జోరు మీదుందనుకుంది తులసీబాయి.

“మరి ఆ తర్వాత అంత కాలం ఎట్ల నడిచింది?” అని అడిగింది.

“అదే సెప్తాండా.” యేసేపు గొంతు తగ్గించాడు. “మిషన్‌లో వర్చువల్ డిస్కని ఒకటి చేసుకోవచ్చు. నిజం డిస్కు కాదది. మెమరీలో ఇంత జాగా గీసి, ఇదే డిస్కనుకో అని మిషన్‌కు సెప్పడం. మిషన్ నమ్ముతాది. ఫ్లాపీ కంటే జోరుగా పని చేస్తాది. అన్న ముందు నుంచీ అట్లే పెట్టుకున్నాడు. లేస్తానే సామానంతా ఫ్లాపీలోంచి దాంట్లోకి దించుకోని, ఇంగ ఫ్లాపీ సంగతి మరిచిపోయి దాన్నుంచే నడువు అని రాసిపెట్టినాడు. సాయంత్రం ఆపేముందు, చేసిన పని మళ్ళా ఫ్లాపీలోకి ఎక్కించుకునేవాడు. ఎందుకంటే కరెంటు ఉన్నంతసేపే అది ఉంటాది. ఆపినామంటే పలక తుడిచినట్టు.”

“దసరా తర్వాత?”

“దసరా పోయినాక ఎమ్మిగనూరుకు వచ్చినాడు. ‘తల గీసకపోయింది యేసేపూ. రాయడం అసలు లేదు. చదవడం ఎన్నోసార్లు మళ్ళీ చూడు, మళ్ళీ చూడు అంటే ఒకసారి చదివింది. ఎట్లనో లేపినా. ఇంగ కొత్త డ్రైవు వచ్చేదాకా దాన్ని ఆపను’ అన్యాడు. అప్పట్నుంచి చేసిందంతా దాంట్లోనే ఉండె. ప్రోగ్రామ్ మొత్తం మొదట్నుంచి మళ్ళా రాసినాడంట. బాగొచ్చింది, డ్రైవు రాగానే ఎక్కించుకుంటా అన్యాడు.”

తులసీబాయి అరచేతిలోని గింజను చూస్తూ, “ఇప్పుడు లేవకపోయేది ఎందుకు?” అంది.

“ఫ్లాపీ చదవలేక సామాను దించుకోలేదు. అయినా అన్న రాసిపెట్టినట్టే, ఆ డిస్కునుంచే లేవాలని పోతాంది. ఆడ ఏమీ లేదు.”

కిటికీ బయట ఎవరో సోడా బండి తోసుకుంటూ పోయారు. సీసాల చప్పుడు దూరమయింది.

“నాకెందుకు చెప్పలేదు?”

యేసేపు స్క్రూలు ఏరుకుంటూ ఉండిపోయాడు.

“నీకు చెప్పినాడు. నాకు చెప్పలేదు. ఆపొద్దు అన్నాడే గాని ఆపితే ఏమవుతాదో చెప్పలేదు. చెప్పింటే నేను ఆపుతానా?”

“అడిగినానక్కా. ఇంట్లో అక్కకన్నా సెప్పు అన్యా.” అతను ఆగాడు. ఆమె చూపు తప్పుకోకపోయేసరికి చెప్పక తప్పలేదు. “‘తులసికి సెప్తే ఎప్పుడో ఒక పొద్దు కోపంలో అమ్మ ముఖాన పడేస్తాది. అమ్మ తట్టుకోలేదు. డ్రైవు మార్చుకుంటే అయిపోయేదానికి ఎందుకు’ అన్యాడు. అంతే. తప్పుగా అనుకోవద్దు.”

తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు. వాదిరాజు ఆమెను ఎరుగును. ఆ కార్తీకంలోనే ఎంగిలి గిన్నె దగ్గర మొదలైన మాట పెరిగి, అత్తాకోడళ్ళు వారం పాటు మాట్లాడుకోలేదు. ఆ వారంలో ఈ సంగతి తెలిసి ఉంటే తను ఊరుకునేదా? ఊరుకునేది కాదు. అది నిజమే గనక ఆమెకు ఇంకా కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గింజను కిటికీలోంచి పారేసి, “కొత్తది బిగించు యేసేపూ,” అంది.

కొత్త డ్రైవు బిగించి, తను తెచ్చిన ఫ్లాపీ పెట్టి, యేసేపు స్విచ్చి వేశాడు. చిన్న కూత వేసి మిషన్ లేచింది. తెర మీద పచ్చటి గీత కొట్టుకుంటూ నిలబడింది. తులసీబాయి దగ్గరికి జరిగి, తనకు తెలిసిన పేరు కొట్టింది. అట్లాంటిదేమీ లేదంది మిషన్. యేసేపు పాత ఫ్లాపీలను స్పిరిట్‌తో తుడిచి ఒకటి తర్వాత ఒకటి పెట్టి చూశాడు. ఒకదాంట్లో దసరాకు ముందు రాసిన కొన్ని వరసలు వచ్చాయి. రైతు పేరు, ఊరు, బోరాలు. ఆ తర్వాత తెర నిండా అర్థం లేని గుర్తులు. మళ్ళీ చూడమంది ఆమె. మళ్ళీ చూశాడు. మళ్ళీ అంది.

“ఇంగ రాదక్కా.”

“నేను ఆ పొద్దు ఆపకపోయింటే?”

అతను అబద్ధం చెప్పాలనుకున్నాడు గానీ చేతకాలేదు. “ఉండేది,” అన్నాడు. వెంటనే, “బ్యాటరీలు మాత్రం ఎన్నాళ్ళు మోస్తాయి లే. మీరు కాకుంటే కరెంటు కోత ఆపుండేది,” అన్నాడు. తర్వాత ఫ్లాపీని తొడుగులో పెడుతూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. “మా మిల్లులో లెక్కలు మిషన్‌కు ఎక్కించే పనికి మనిషి కావాల. టైపు వచ్చినోళ్ళు దొరకలేదు. సుంకమ్మని ఒకామె ఉంది ఆఫీసులో. ఒంటరి మనిషి, ఇంట్లో ఒక గది ఖాళీ ఉంది. మీవాళ్ళు ఒప్పుకుంటారో లేదో, నేను సెప్పడమైతే సెప్పినా.”

కూత విని ఇంట్లోవాళ్ళు అప్పటికే వస్తున్నారు. ముందు కృష్ణాబాయి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

“లేచిందా?”

“లేచిందత్తా.”

“రాయరే!” అని ఆమె రెండు చేతులూ జోడించి, అక్కడే వెనక్కి తిరిగి దేవుడి గదిలోకి పరిగెత్తింది. ఆ వయసులో ఆమె పరిగెత్తడం ఎవరూ చూడలేదు.

వెంకోబారావు తెర వైపు వంగి చూశాడు. “మరి వాదిరాజు చేసిన పని? చీటీల ప్రోగ్రామ్?”

“పోయింది సార్,” అన్నాడు యేసేపు.

“పోయిందా? ఎట్ల? ఎవురన్నా ఖరాబు చేసినారా, తనంతట తనే పోయిందా? ఉన్నదున్నట్టు చెప్పప్పా. ఇంట్లో ఊరికే ఒకరి మీద మాట పడకూడదు.”

ఆయన న్యాయంగానే అడిగాడు. ఉన్నది చెబితే న్యాయంగానే తీర్పు మారుస్తాడు కూడా. తప్పు తులసిది కాదంటాడు, గది ఉంచుకోమంటాడు, ప్రోగ్రామ్ మళ్ళీ మెల్లగా రాసుకోమంటాడు. తులసీబాయికి అది తెలుసు. యేసేపు నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆ సరికి కృష్ణాబాయి కుంకుమ భరిణె, అక్షింతల గిన్నె పట్టుకుని గడప దాటి వచ్చింది.

“నేను ఆపినందుకే బావా,” అంది తులసీబాయి. “ఆపకూడని టయింలో ఆపినా. అందుకే పోయింది.”

యేసేపు తల దించుకుని పట్టకారు జేబులో పెట్టుకున్నాడు.

“నేను మొదట్నుంచీ చెప్తాండా,” అంది కృష్ణాబాయి, గట్టిగా కాదు. “నా కుంకుమ ఉన్నన్ని దినాలు నడిచింది. వాడికి గూడా నా చేత్తో కుంకుమ పెట్టింటే...” మాట పూర్తి చేయకుండా బల్ల దగ్గరికి వచ్చి ఫ్లాపీ తీసుకుంది. “ఇదేనా కొత్తది? దీని తొడుగు తీయప్పా.”

తులసీబాయి చెయ్యి చాపి ఆమె చేతిలోంచి ఫ్లాపీని మెల్లగా తీసుకుంది.

“ఇది మిల్లువాళ్ళదత్తా. వేరేవాళ్ళ వస్తువు. మిషన్‌కే పెట్టండి, ఇక్కడ, పైన.”

“పోయినసారి దానికే పెడితిమి గదే?”

“పోయినసారి మన సొంతం.”

కృష్ణాబాయి కోడలి ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. తెర పైనున్న ప్లాస్టిక్ అంచు మీద వేలితో కుంకుమ పెట్టింది. బొట్టు కొంచెం పక్కకు జరిగింది. “నీ బిడ్డే గదా సామీ,” అనుకుంటూ, కళ్ళొత్తుకుంది.

యేసేపుకు శాంతాబాయి ఉప్మా పెట్టింది. తిని, తన ఫ్లాపీ ఒకటి అక్కడే వదిలి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అత్తాకోడళ్ళు ముగ్గురూ పెరట్లో కూర్చున్నారు. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి తొంగి చూసి, మిషన్ లేచిందంట గదా అని పలకరించింది. “లేచింది గాని ప్రాణం పోయిందమ్మా,” అంది కృష్ణాబాయి. “వాడు రాసిందంతా ఈమె చేతిమీదుగా పోయింది. ఏం చేస్తాం. కొందరి చేయి అట్లా. నా చేయి మంచిదని వాడు ఎప్పుడూ అనేవాడు.”

తులసీబాయి నోటి దాకా వచ్చింది. మాట కాదు, పసుపు పట్టిన ఆ గింజే నాలుక మీదికి వచ్చినట్టయింది. పళ్ళు బిగించింది. ముసలామె చేతుల వైపు చూసింది. వేళ్ళ మధ్య చిక్కుడుకాయ పట్టుకుని ఈనె ఎటు నుంచి లాగాలో తెలియక వెతుకుతున్నాయి. ఈ పూట ఆపుకోగలిగింది. రేపు ఇంకో గిన్నె దగ్గర, ఇంకో మాట దగ్గర ఆపుకోగలనని ఆమెకు నమ్మకం లేదు. వాదిరాజుకూ లేకపోయింది.

భోజనాల వేళ హాల్లో ఆకులు వేశారు. వెంకోబారావు పరిషేచన చేసి చెయ్యి ముందుకు పెట్టుకుని కూడా అన్నం వెంటనే కలపలేదు. తీర్పు చెప్పవలసి ఉంది. అది ఆయనకు బరువుగా ఉన్నట్టు తెలుస్తూనే ఉంది.

“తులసీ, మీ అన్నకు ఏమని...”

“నేనే చెప్తా బావా,” అంది తులసీబాయి. చేతిలో నెయ్యి గిన్నె ఉంది. మామగారి ఆకులో వేసి, ఆయనకూ వినపడాలని ఆయన పక్కనే నిలబడింది. గొంతు మాత్రం పెంచలేదు. “మిషన్ మీ ఇష్టం. అమ్ముకోండి, పెట్టుకోండి. నేను మంత్రాలయం పోను. ఎమ్మిగనూరులో మిల్లు ఆఫీసులో పని ఉందంట. ఆడ సుంకమ్మని ఒకామె ఇంట్లో గది ఉంది. ఈ వారంలోనే పోతా.”

శాంతాబాయి చేతిలో అన్నం హస్తం గిన్నెలోనే నిలిచిపోయింది.

“ఏమంటాంది?” అని అడిగాడు భీమసేనరావు.

“ఏడాది తిరగలేదు,” అంది కృష్ణాబాయి. “ఏడాది తిరక్కుండా గడప దాటుతావా? లోకం ఏమనుకుంటాది? నేను ఏమో అన్నానని పోతాండావా?”

“లేదత్తా. మీరు ఏమీ అనలేదు.”

“మరెందుకు?”

“పనికి పోతాండాను. అంతే.”

“ఎవురితో పోతావు?”

“ఒక్కదాన్నే అత్తా,” అని చెప్పి, తులసీబాయి వెంకోబారావు ఆకులో నెయ్యి వేసింది.